అమెరికా బండిలో గొలుసు చప్పుడు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే దోవలో, శిరివెళ్ల దాటినాక, ఎడమ పక్కన మలుపులో ఒక రేకుల షెడ్డు ఉండేది. పొద్దు మునిగితే దాని ముందర ఎవరూ బండి ఆపేవాళ్లు కాదు. పంక్చరైనా సరే, ఇంకొంచెం దూరం అట్లాగే తోలుకునిపోయి ఆపేవాళ్లు. ఆటోవాళ్లయితే ఆ మలుపు వచ్చేసరికి పాటలు ఆపేసేవాళ్లు... ఎందుకని అడిగితే చెప్పేవాళ్లు కాదు.

ఆ షెడ్డులో ఒక పాత అమెరికా క్రేను బండి. ఎప్పుడో రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాళ్ల సైన్యం ఇక్కడికి తెచ్చి, పోతూ పోతూ వదిలేసిన బండంట. పొడుగు ముక్కు, గుండ్రటి దీపాలు. వెనక ఒక ఇనప దూలం, దానికి గొలుసు, గొలుసు చివర మనిషి తలంత కొక్కెం. బోల్తాపడిన లారీలను, నుజ్జయిన కార్లను లేపి లాక్కొచ్చేది దాని పని. అట్లా ఎన్నిటిని లాగిందో... వాటిలో ఎందరు పోయినారో...

గాలి లేకపోయినా ఆ గొలుసు కదిలేదంట. గల్... గల్... అని. చీకట్లో చూస్తే లోపల సీట్లో ఎవరో కూర్చుని ఉండేవాళ్లంట.

ఆ బండిని కొందామని పోయిన మనిషి సాయినాథ్. అతని నోట విన్నది విన్నట్టు చెప్తున్నా.

సాయినాథ్‌కు నంద్యాలలో పెయింట్ల అంగడి. భార్య దివ్యశ్రీ. ఒక్కతే కూతురు, అమృత. ఇంకా బడికి పోని పిల్ల. ముందటేడు వానకాలంలో పిల్లకు జ్వరమొచ్చింది. తగ్గలేదు. కర్నూలుకు తీసుకుపోయినారు. వచ్చేటప్పుడు ఇద్దరే వచ్చినారు.

ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఆమె వండేది, వడ్డించేది, గిన్నెలు తోమేది. ఇతను అంగడికి పోయేవాడు, వచ్చేవాడు. పాప పేరెత్తితే అవతలి మనిషి ఏమైపోతారోనని ఇద్దరూ పేరే ఎత్తలేదు. టీవీ పెట్టుకుని దాని ముందర కూర్చునేవాళ్లు. ఏం చూసినారంటే ఇద్దరికీ తెలియదు.

అట్లాంటి ఇంట్లో ఒక మధ్యాహ్నం నవ్వు వినిపించింది.

అన్నం తింటున్న సాయినాథ్ చెయ్యి ఆగిపోయింది. నవ్వింది దివ్యశ్రీ. చేతిలో ఫోను.

"ఇది చూడండి... దీని ముక్కు చూడండి. అలిగి కూర్చున్న పెండ్లికొడుకు మాదిరి లేదూ?"

అమ్మకానికి పెట్టిన ఫొటో. తుప్పు పట్టిన అమెరికా బండి. కొక్కెం వేలాడుతోంది.

"కొందామా?" అంది.

"దీన్నా? ఏం చేస్తాం?"

"ఏమీ చెయ్యం. ఉత్త సరదాకి. మన అంగట్లో పెయింటుకేం కరువు? పచ్చగా పసుపు రంగు వేద్దాం. మీ స్కూటరు వారానికోసారి ఆగిపోతాది కదా, కొక్కేనికి తగిలించి లాక్కొస్తా. దీంట్లోనే మహానందికి పోదాం."

"ఇది మహానందికి చేరేలోపల శివరాత్రి అయిపోతాది."

మళ్లీ నవ్వింది. ఏడాది దాటింది ఆ నవ్వు విని.

సాయంత్రం తండ్రితో అన్నాడు. పెద్దాయన హనుమంతయ్య ముఖం మాడ్చుకున్నాడు.

"ఆ శిరివెళ్ల కాడ బండా? నీకేమన్నా తిక్కా? అది శవాల బండిరా! దాంట్లో ఎవురో కూర్చోనుంటారని ఊరంతా చెప్తాంటే, దుడ్లిచ్చి ఇంటికి తెచ్చుకుంటావా? మొన్ననే కదరా ఇంట్లోనుంచి..."

మాట సగంలో మింగేసినాడు.

"సరదాకి నాయనా," అన్నాడు సాయినాథ్.

"సరదానా... ఈ ఇంట్లోనా?"

రెండు మూడు రాత్రులు అతనికి నిద్ర పట్టలేదు. ఎక్కడ పెట్టాలి? స్పేరు పార్టులు ఎక్కడ దొరుకుతాయి? అసలు కదులుతుందా? నలుగురూ ఏమనుకుంటారు, బిడ్డ పోయిన ఇంట్లో వేడుకలా అని నవ్వరా? అన్నీ నిజమే. కానీ పక్కన పడుకున్న మనిషి ఫోను వెలుగులో ఆ బండినే చూస్తోంది. రంగుల కార్డు తెచ్చుకుని ఏ పసుపు బాగుంటుందో తిప్పి తిప్పి చూస్తోంది.

పొద్దున్నే ఆ నంబరుకు ఫోన్ చేసినాడు. ఎత్తింది జెస్సికా అనే అమ్మాయి. బండి వాళ్ల నాయనదంట. తనను ఆళ్లగడ్డలో పెండ్లి చేసి ఇచ్చినారంట.

"సాయంత్రం పోండి సార్, పగలు మా నాయన పనికి పోతాడు. ఆయన వద్దన్నా మీరు ఇనొద్దు. ఎట్లయినా తీసుకపోండి సార్. ఆ బండి ఆడుంటే మా అమ్మ..."

ఆ అమ్మాయి కూడా మాట సగంలో ఆపేసింది.

ఆదివారం ఇద్దరూ కారులో బయలుదేరినారు. చేరేసరికి పొద్దు మునిగింది. కరెంటు లేదు. దోవ పక్కన తుమ్మచెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. రేకుల షెడ్డు లోపల ఆ పొడుగు ముక్కు ఒక్కటే కనపడుతోంది. దాని వెనక కొంచెం దూరంలో ఒక చిన్న ఇల్లు. దీపం లేదు.

"నువ్వు ఈడనే ఉండు. నేను పోయి పిలుస్తా," అన్నాడు.

ఫోను లైటు వేసుకుని నడిచినాడు. ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. పిలుద్దామని నోరు తెరిచినాడు...

లోపల నుంచి ఒక శబ్దం.

మూలుగు కాదు. పైకి వచ్చే ఏడుపూ కాదు. గొంతులో గుడ్డ కుక్కుకుని ఎవరో లోపలికి లోపలికి ఏడుస్తున్నట్టు... ఆగుతోంది. ఊపిరి తీసుకుంటోంది. మళ్లీ మొదలవుతోంది.

అతని చెయ్యి తలుపు మీదికి పోలేదు.

అదే వేళకు వెనక, షెడ్డులో...

గల్... గల్...

ఆకు కూడా కదలడం లేదు. గొలుసు కదులుతోంది.

"దివ్యా!"

పరుగెత్తినాడు. కారు దగ్గర దివ్యశ్రీ లేదు. బండి దగ్గర లేదు. ఫోను లైటు పైకెత్తినాడు. దుమ్ము పట్టిన అద్దం వెనక... రెండు తలలు. ఒకటి దివ్యశ్రీది. పక్కన డ్రైవరు సీట్లో తెల్లటి వెంట్రుకలు విరబోసుకున్న ఇంకొకటి. ఆ రెండో ఆమె చెయ్యి కిటికీలోంచి వెనక్కి చాచి ఉంది. ఆ చేతిలో తాడు. తాడు లాగినప్పుడల్లా...

గల్...

అరవబోయినాడు. భుజం మీద చెయ్యి పడింది.

"అప్పా... అరవొద్దు."

వెనక ఒక ముసలాయన. భుజాన తువ్వాలు. కండ్లు ఎర్రగా ఉన్నాయి.

"భయపడొద్దప్పా. ఆమె నా పెండ్లాము, విజయమ్మ. నా పేరు జ్ఞానప్రకాశం. ఎవురు మీరు?"

బండి చూసేదానికి వచ్చినామని చెప్పినాడు సాయినాథ్.

"జెస్సికా పెట్టింటాది ఫోన్లో. నాకు చెప్పలే." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "మా యోహాను తోలేవాడప్పా ఈ బండిని. ఒక్కడే కొడుకు. ఆళ్లగడ్డ కాడ వడ్ల లారీ బోల్తాపడిందంటే లేపేదానికి పోయినాడు. వంగి కొక్కెం తగిలిస్తాండాడు... యెనకనుంచి ఇంగో లారీ వచ్చె. ఈ బండికి గీత గూడా పడలే. వాడు..."

గల్... గల్...

"అప్పుట్నుంచి మా ఇంటిదానికి తల సరిగా లేదు. పొద్దు మునిగితే వచ్చి దీంట్లో కూర్చుంటాది. కొడుకు ఉండాడనుకుంటాదో ఏమో. నేను అడగను."

"మరి ఊర్లో అందరూ దెయ్యమని..."

"ఆ మాట పుట్టించింది నేనే."

సాయినాథ్‌కు అర్థం కాలేదు.

"దెయ్యముందంటే దూరంగా పోతారప్పా. పిచ్చిదుందంటే దగ్గరికొస్తారు... నవ్వేదానికి. అందుకే టీ అంగట్లో కూర్చోని నేనే చెప్పినా, ఆ బండి మంచిది కాదు, రాత్రిపూట ఆడ ఆగొద్దండని. ఒకరికి చెప్తే చాలు, ఆళ్లగడ్డ దాకా పాకిపాయె."

సాయినాథ్ ఇంటి వైపు చూసినాడు.

"లోపల ఎవరో ఏడుస్తున్నట్టు వినపడింది..."

"ఎవురూ లేరే. గాలి అయ్యింటాది."

గాలి లేదు.

బండి తలుపు తెరుచుకుంది. దివ్యశ్రీ దిగింది. దిగినా విజయమ్మ చెయ్యి పట్టుకునే ఉంది, మెల్లగా విడిచింది. తలుపు చప్పుడు కాకుండా వేసింది దివ్యశ్రీ. ముసలాయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

"పోదాం పాండి," అంది భర్తతో.

కారు కొంచెం దూరం పోయినాక సాయినాథ్ ముసలాయన చెప్పిందంతా చెప్పినాడు. పాపం, ఆమెకు పిచ్చంట, ఆయనే కాపాడుకుంటున్నాడు అన్నాడు.

"ఆమెకు పిచ్చి లేదు," అంది దివ్యశ్రీ.

"ఏందీ?"

"నేను బండి చూస్తాంటే లోపల నుంచి పిలిచింది. అమ్మా, రా, ఆడ పురుగూ పుట్రా ఉంటాయి, పైకెక్కు అనింది. ఎందుకిట్లా చీకట్లో కూర్చుంటావమ్మా అని అడిగినా. ఏం చెప్పిందో తెల్సా?" దివ్యశ్రీ అతని తట్టు తిరిగింది. "'కొడుకును మట్టి చేసిన రోజు గూడా మా ఆయన ఏడవలేదమ్మా. నా ముందర రాయి మాదిరి ఉంటాడు. ఏడిస్తే నేను తట్టుకోలేనని. ఒగ రోజు నేను ఈ బండి కాడికొచ్చి నిలబడింటి. ఇంట్లోనుంచి ఇనపడింది. ఆడదాని మాదిరి ఏడుస్తాండాడు. ఆపొద్దు నుంచి పొద్దు మునగంగానే ఈడికొచ్చి కూర్చుంటాండా. నేను ఇంట్లో ఉంటే ఆయన ఏడవడు తల్లీ. ఆయన్ని కొంచేపు ఏడ్చనీ.'"

సాయినాథ్ కారు పక్కకు తీసి ఆపేసినాడు.

"మరి ఆ గొలుసు?"

"'గొలుసు ఇనపడినంతసేపు నేను ఈడనే ఉండానని ఆయనకు తెలుస్తాది. ఎప్పుడొస్తానో అని తలుపు తట్టు చూసుకుంటా ఏడవాల్సిన పని లేదు' అనింది. నాకు పిచ్చనుకుంటాడు, అనుకోనీ, అనింది."

దోవ మీద ఒక లారీ దాటిపోయింది. మళ్లీ చీకటి.

"మీరు యాడ ఏడుస్తారు?" అంది దివ్యశ్రీ.

అతను స్టీరింగు మీద నుంచి చేతులు తీయలేదు.

"గోడౌన్‌లో," అన్నాడు చివరికి. "డబ్బాల వెనకాల... నువ్వు?"

"నీళ్లు పోసుకునేటప్పుడు. కొళాయి తిప్పిపెట్టి."

ఆ తర్వాత ఆమే అనింది పాప పేరు. అమృత అని. మెల్లగా, పిలిచినట్టు. ఆ ఒక్క మాటకు సాయినాథ్ కూలిపోయినాడు. భార్య ఒడిలో తల పెట్టి, చిన్నపిల్లోని మాదిరి ఏడ్చినాడు. ఆమె కూడా ఏడ్చింది. పాప నిద్రలో నవ్వేది కదా అంది. నీ కొంగు పట్టుకోనిదే నిద్రపోయేది కాదు కదా అన్నాడు. పోయే బండ్ల దీపాలు వాళ్ల మీద పడి పోతున్నాయి. ఎవరూ బండి ఆపలేదు. ఆ తావు అట్లాంటిది.

పొద్దున్నే జెస్సికాకు ఫోన్ చేసినాడు. బండి మాకొద్దమ్మా అన్నాడు.

"బాగాలేదా సార్?"

"బాగుంది. ఫోన్లో ఫొటో తీసెయ్యమ్మా. మీ అమ్మకు ఇంకా పని ఉంది దాంతో."

ఎందుకో చెప్పలేదు. అది కూతురికి చెప్పే హక్కు తనది కాదన్నాడు నాతో.

ఎండలు ముదిరినాక జెస్సికానే ఫోన్ చేసింది. నాయన పోయినాడంట. నిద్రలోనే. బండిని పాత ఇనుమువాళ్లకు ఇచ్చేస్తున్నాం, మీకు కావాలంటే ముందు మీకే అనింది. దివ్యశ్రీ వద్దంది. కానీ విజయమ్మను చూసేదానికి ఇద్దరూ పోయినారు.

మళ్లీ పొద్దు మునిగే వేళే. ఈసారి షెడ్డులో చప్పుడు లేదు. బండి లోపల ఎవరూ లేరు. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల దీపం వెలుగుతోంది. విజయమ్మ మంచం కోడుకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది.

దివ్యశ్రీ పోయి పక్కన కూర్చుంది. ఏం మాట్లాడాలో తెలియక, "ఆడికి పోలేదా అమ్మా ఈపొద్దు?" అంది.

విజయమ్మ షెడ్డు వైపు కూడా చూడలేదు.

"ఇంగ ఆడ నాకేం పనుంది తల్లీ?" అంది. "ఏడ్చేదానికి ఇప్పుడు ఇల్లంతా నాదే."