జేబిన్‌కి పడని దినుసు

"మీరిచ్చిన క్రీము నాకు పడలేదండీ," అన్నాడు జేబిన్, ట్యూబు కౌంటరు మీద పెట్టి. మొహం చెవుల దాకా కందిపోయి ఉంది.

దాసోంకి అభిమానం దెబ్బతింది. కొరియా రేవు పట్టణం బూసాన్‌లో, నాంపో వీధిలోని ఆ కాస్మెటిక్స్ షాపులో ఆమె అమ్మిన సరుకు తిరిగి రావడం అదే మొదలు. డబ్బా ముందు రాసేది పెళ్ళిచూపుల మాటలనీ, వెనక సన్నక్షరాల్లో ఉండేదే అసలు కాపురమనీ ఆమె నమ్మకం. వెనక చదవకుండా ఏదీ అమ్మదు.

"ఇంట్లో ఏమేం రాసుకుంటారో అన్నీ పట్టుకురండి. పడని దినుసేదో నేను తేలుస్తాను."

మర్నాడు యార్డులో ఓడల మరమ్మతు పని ముగించుకుని అతను సంచీతో వచ్చాడు. దాసోం సీసాలన్నీ వెనక్కి తిప్పి పక్కపక్కన పేర్చింది.

"చూడండి, ఎక్కువున్నది ముందు రాస్తారు. ఈ రెండు సీసాల్లోనూ మొదట నీళ్ళు, తర్వాత గ్లిజరిన్. దీనికి డబ్బా నిండా సరస్వతి ఆకు బొమ్మే. లోపల మాత్రం అది చివరెక్కడో సెంటు పక్కన నక్కింది."

"అంటే మోసమాండీ?"

"కాస్త గొప్పలు, అంతే. మీరు అమ్మాయిలకి మీ ఎత్తు పెంచి చెప్పరూ, అలాగ."

"నన్నెవరూ అడగలేదండీ."

దాసోం నవ్వాపుకోవడానికి లేబుల్‌లోకి తల దూర్చింది.

సెంటు ఉన్నవి మాన్పించింది. తర్వాత ఆల్కహాల్ ఉన్నవి. ఆ తర్వాత నియాసినమైడ్ అనే విటమిన్ ఉన్నవి. ఒక్కొక్కటీ అతని మోచేతి మడతలో రాసి చూసింది. చెయ్యి తొక్కతీసిన ముల్లంగిలా తెల్లగా ఉండేది, మొహం మాత్రం ఎర్రగానే ఉండేది. అతను రోజు విడిచి రోజు వస్తూనే ఉన్నాడు.

కారణం దొరికితే ఇక రాడు కదా అనిపించి ఓ సాయంత్రం ఆమెకి దిగులేసింది. దొరక్కపోతే స్కిన్ డాక్టరు దగ్గరికి పోతాడు, అప్పుడూ రాడు. ఎటు తిరిగినా నష్టం తనకే.

చివరికి అన్నీ బందు చేసింది. "వారం పాటు ఒట్టి నీళ్ళతో కడుక్కోండి, ఇంకేమీ వద్దు."

వారం తర్వాత జోరువానలో గొడుగేసుకుని వచ్చాడు. మొహం ఎప్పటిలాగే ఎర్రగా ఉంది.

"నిజం చెప్పండి, ఏం రాసుకొచ్చారు?"

"నీళ్ళేనండీ."

"నన్ను ఆటపట్టించడానికి వస్తున్నారా? నాకు వేరే పనుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళండి."

జేబిన్ గబగబా వెళ్ళిపోయాడు. గొడుగు తలుపు పక్కనే మర్చిపోయాడు.

దాసోం కాసేపు గొడుగు మీద కూడా కోపగించుకుంది. తర్వాత అది పట్టుకుని పరుగెత్తింది.

మలుపులో చేపముక్కల పులుసు అమ్మే బండి దగ్గర, పట్టా కింద నిలబడి ఉన్నాడు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం మీద ఎరుపు జాడే లేదు. దాసోం ఉన్నచోటే ఆగిపోయింది.

అతను తిరిగి ఆమెను చూశాడు. ఆమె చూస్తుండగానే ఎరుపు మెడలోంచి పాకి చెవులకెక్కింది.

"పులుసు ఆవిరండీ," అన్నాడు కంగారుగా.

"గిన్నె ముట్టందే ఆవిరెక్కడిదయ్యా?" అంది బండి పిన్ని. "ఇప్పటిదాకా బాగానే ఉన్నావుగా."

దాసోం మనసులో ఆ సాయంత్రాలన్నీ పక్కపక్కన పెట్టి చూసింది. అన్నిటిలోనూ ఉన్న దినుసు ఒక్కటే, అది తను.

"మరి మొదటి రోజు క్రీము?"

"అది బాగానే పడిందండీ. మీతో మాట్లాడాలని వంక పెట్టుకొచ్చాను. తీరా మీ ఎదుట నిలబడేసరికి నిజంగానే ఎర్రబడింది."

"మంచి క్రీము మీద అంత నింద వేశారా?"

"తప్పేనండీ. మీరంటే ఇష్టం. చెప్పడం చేతకాలేదు."

దాసోం చెవులు వేడెక్కాయి. ఆ సంతోషాన్ని ఎక్కడ దాచుకోవాలో ఆమెకి తెలియలేదు.

"ఈ పిల్లకీ ఆవిరి తగిలింది," అంది పిన్ని, పులుసు కలుపుతూ.

జేబిన్ తల దించుకున్నాడు. "పడని దినుసు మానేయమంటారు కదా మీరు."

"అన్నీ మానక్కర్లేదు. కొన్నిటికి మెల్లగా అలవాటు పడాలి."

"రోజు విడిచి రోజా?"

"అలా ఇన్నాళ్ళూ వాడారుగా," అంది దాసోం, గొడుగు ఇద్దరి మీదా విప్పుతూ. "ఇక రోజూ రండి."