పూడ్చిన చిల్లు

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు, ఎండాకాలం. మా ఇల్లు పాత కోట పక్క సందులో ఉండేది. మా ఇంటాయన ఊళ్ళు తిరిగి, వెనకటి గుర్రపు సవార్లు వేసుకున్న ఇనుప అంగీలు కొనుక్కొచ్చేవాడు. వేల ఉంగరాలు ఒకదాంట్లో ఒకటి దూర్చి అల్లినవి అవి. గోనెసంచిలో ఇసకా తవుడూ పోసి, వాటిని దొర్లించి తుప్పు వదిలించేది నేను. ఏది అసలుదో చెప్పేదీ నేనే. యుద్ధానికి పోయిన అంగీలో ప్రతి ఉంగరానికీ నువ్వుగింజంత చీల కొట్టి ఉంటుంది. ఉత్త వేషానికి చేసినదాంట్లో కొసలు ఊరికే ఆనుకోని ఉంటాయి. కళ్ళు మూసుకున్నా నా వేళ్ళకు తెలిసేది. నలుగురి ముందర మాత్రం ఆ తెలివి ఆయనది. నేను తలుపు చాటున నిలబడి వినేదాన్ని. నాకు మొగోళ్ళ ముందర నోరు పెగలదు.

పత్తికొండ పక్క పల్లెలో ఓబులమ్మ అనే ముసలామె ఇంట్లో ఒక అంగీ ఉందని తెలిసింది. ఆ ఇంట్లో దాన్ని ఆడవాళ్ళ చేతికే ఇస్తారంట. అందుకే నన్నూ తోడుకోని పోయినాడు. అంగీకి ఎడమ చంక కింద అరచెయ్యంత చిల్లు ఉంది. దాని చుట్టూ నల్లదారం.

ఓబులమ్మ నా చెవి దగ్గరికి వచ్చింది. "మా తాతల తాత పానం ఈ దావనే, ఈ చిల్లులోంచే పోయింది తల్లీ. అమావాస్యకొకసారి కొత్త దారం కడతాం. చిల్లు మాత్రం పూడ్చొద్దు. దావ మూస్తే, మళ్ళా వచ్చిన ఆయప్ప యాడికని పోతాడు?"

డబ్బులిచ్చి అంగీ తెచ్చుకున్నాం. ఇంటికి వచ్చినాక ఆయన అన్న మొదటి మాట: "దీన్ని కొనేదానికి మద్రాసు దొర వస్తాండాడు. చిల్లు పూడ్చు."

ఓబులమ్మ మాట చెప్పినా.

"నాలుగు తరగతులు చదివి నాకే పాఠం చెప్తాండావే! చినిగిన రవిక నువ్వు కొంటావా?"

ఇంకొక తెగిపోయిన అంగీలోంచి ఉంగరాలు తీసి మూడు దినాలు అల్లినాను. అతుకు కనపడకుండా కుదిరింది. నా పనితనానికి నేనే మురిసినా. ఆఖరి చీల మీద సుత్తి పడగానే, అంగీ లోపల ఎవరో ఊపిరి బిగబట్టినట్టయింది...

మరుసటి రోజు మధ్యాహ్నం గాలిదుమ్ము లేచింది. తలుపులన్నీ మూసినాం. పట్టపగలే ఇల్లు చీకటి. పైన రేకులు దడదడ కొట్టుకుంటున్నాయి. సాయంత్రం దొర వస్తాడు, ఎట్లుంటుందో చూద్దామని ఆయన అంగీ తొడుక్కున్నాడు.

"ఎట్లుండానే? నవాబు మాదిరి లేనూ?"

నవ్వినా. ఆయన నన్ను అట్లా అడిగి శానా ఏండ్లయింది.

అంతలో చెమట వాసన కొట్టింది. మనిషిది కాదు. పరుగెత్తి వచ్చిన గుర్రానిది.

"తీయే. ఉడుకుతాండాది."

అంచు పట్టి పైకి లాగినా. రాలేదు. ఇంకా లాగినా. ఒంటికి అతుక్కున్నట్టు ఉంది.

"నా వెనక ఎవరుండారు?" అన్నాడు గుసగుసగా.

"ఎవరూ లేరు."

"ఉండారు... ఆనుకోని ఉండారు..."

ఆ తర్వాత ఆయన నోట్లోంచి వచ్చిన గొంతు ఆయనది కాదు. "దావ యాడ?"

ఇనుము కోసే కత్తెర తీసుకున్నా. నేను అల్లిన చోటు వెతికినా. వేళ్ళు పెట్టి, చంక కింద, మళ్ళీ మళ్ళీ... దొరకలేదు. అన్నీ పాత ఉంగరాలే. ఏదైతే ఏమని ఒకటి కోసినా. కింద టంగుమంది. అక్కడ వేలు పెడితే ఖాళీ లేదు. ఇంకొకటి కోసినా. అంతే.

గోడ అవతలి నుంచి పక్కింటి సుంకమ్మ కేకేసింది. "ఏమక్కా, ఏందా సప్పుడు?"

అరవాల. అరిస్తే సుంకమ్మ మొగుడు వచ్చేవాడు, ఇద్దరం కలిసి లాగేవాళ్ళం. ఇరవై రెండేండ్లుగా మొగుడు ఇంట్లో ఉండగా గొంతు ఎత్తని దాన్ని. నోరు తెరిచినా. ఉత్త ఊపిరే బయటికి వచ్చింది.

"దావ..."

మోకాళ్ళ మీద పడినాడు. బయట గాలి ఆగింది. ఆయనా ఆగినాడు. అప్పుడు ఆ అంగీ నీళ్ళ మాదిరి జారి నా ఒళ్ళో పడింది.

గుండె ఆగిందన్నాడు డాక్టరు.

సాయంత్రం దొర వచ్చినాడు. శవం ముందర తన టోపీ తీసి, భూతద్దం పెట్టి అంగీని చూసినాడు. ఆయన వెంట వచ్చిన గుమాస్తా నాతో చెప్పినాడు: "ఈటె దిగిన చిల్లు కోసమే దొర ఇంత దూరం వచ్చినాడమ్మా. చిల్లు లేనివి ఆయన దగ్గర శానా ఉండాయి. ఇది వద్దంట."

పదకొండో నాడు ఓబులమ్మకు కబురు పంపినా. వచ్చింది. తిట్టలేదు. అంగీని చంక కింద తడిమి చూసి, మూట కట్టుకోని వాకిట్లోకి దిగింది. దిగి, ఏదో పెద్ద జీవానికి దారి ఇచ్చినట్టు పక్కకు జరిగింది. ఖాళీ వాకిలినే చూస్తా ఉంది.

"ఏమవ్వా?"

"పాపం గుర్రం, మూగజీవి. ఇద్దర్ని మోస్తాండాది."

నేను తలుపు పట్టుకున్నా.

"వెనక కూర్చున్నాయప్ప మావోడే," అంది గుసగుసగా. "ముందర కూర్చున్నాయప్ప దిగనంటాండాడు. చెయ్యి చాపినాడు... నీ పక్కకే."