ఎర్రమ్మ మూడో ఫొటో

స్క్రీన్ మీద ఎర్రమ్మ నవ్వుతోంది. కింద అనిల్‌కుమార్ శవం. మెడ సగానికి తెగింది. ప్రింటర్ నిండా నెత్తురు చిమ్మింది.

టేకులపల్లిలోని ఆ కలర్ ల్యాబ్‌కు అతనే ఓనర్. పిడికిట్లో ఒక ప్రింటు. అదీ ఎర్రమ్మదే. కానీ స్క్రీన్ మీది చిలకపచ్చ చీర ఇందులో బురద రంగులో ఉంది.

ఎస్.ఐ. భవాని వచ్చేసరికి అనిల్‌కుమార్ బంధువులు వాకిట్లో పోతయ్యను చితకబాదుతున్నారు. పోతయ్య అడవి పక్క గూడెం మనిషి, చనిపోయిన ఎర్రమ్మ మొగుడు. ఇవాళే ఆమె దినం. ముక్కు పగిలినా అతను తల కాచుకోవడం లేదు. రెండు చేతులతో సంచిని పొట్టకు అదుముకున్నాడు. భవానికి ఒళ్లు మండింది. లాఠీతో గుంపును తరిమింది.

"గీయనే చంపిండు మేడమ్!" ల్యాబ్‌లో పనిచేసే వాసు అరిచాడు. "చీర రంగు రాలేదని పొద్దున లొల్లి చేసిండు. అప్పుడు భుజం మీద గొడ్డలి ఉండనే ఉండె."

"శవం చేతిలో ఉన్న ప్రింటు ఎవరు తీశారు?"

"నేనే. పొద్దున."

"తర్వాత?"

"మధ్యాహ్నమే ములకలపల్లి షూటింగ్‌కు పోయిన. మళ్లొచ్చేసరికి గిట్ల."

"కంప్యూటర్ ముట్టుకున్నావా?"

"లేదు మేడమ్."

భవాని పోతయ్య వైపు తిరిగింది. "సంచిలో ఏముంది పెద్దాయనా?"

రెండు ఫొటోలు. ఒకటి బురద రంగు, ఇంకోటి చిలకపచ్చ.

"పొద్దున ఈ బురదది ఇచ్చిండ్రు. లొల్లి జేసిన, అవ్. మధ్యాహ్నం అనిల్ సారు నన్ను పక్కన కూసోబెట్టుకుండు. మెరిసే కాయితం తీసి వేరేది పెట్టిండు. కాయితం మీద ఎట్లొస్తదో టీవీల ముందే చూపెట్టిండు. రంగు మార్చుకుంట 'గిట్లనా?' అని అడిగిండు. ఒక్కపాలే తీసిండు. అచ్చం మా ఎర్రమ్మ."

"పాడైంది ఎందుకు తీసుకెళ్లావు?"

"సచ్చినోళ్ల మొగం చెత్తబుట్టల ఏస్తరా అమ్మా?"

భవాని మూడు ప్రింట్లనూ ట్యూబ్‌లైట్ కింద వంచి చూసింది. సంచిలోని బురద రంగుది తళుక్కుమంది. శవం చేతిలోది మెరవలేదు.

"వాసూ, పొద్దున ప్రింటర్‌లో ఏ పేపర్ ఉంది?"

"గ్లాసీ."

"ఇది మ్యాట్, మెరవనిది. మధ్యాహ్నం మార్చిన పేపర్. నువ్వు అప్పుడు లేవు కదా?"

"అది సారు తీసిన ట్రయల్ కావచ్చు."

"స్క్రీన్ మీదే రంగు సరిచూసుకునే సాఫ్ట్ ప్రూఫ్ చేసేదే ట్రయల్ ప్రింట్లు అక్కర్లేకుండా. పైగా నువ్వే తీశానన్నావు. పొద్దుటి ప్రింటు కోసం చెత్తబుట్ట వెతికావు. దొరకలేదు. పాత ఫైల్ తెరిచి మళ్లీ తీసి, నేరం ఇతని మీదికి పోవాలని శవం చేతిలో పెట్టావు. రంగు చెడిందా లేదా అనే చూశావు. పేపర్ చూడలేదు."

వాసు చెయ్యి ప్రింటర్ వెనక్కి వెళ్లింది. కాగితాలు కోసే పొడవాటి బ్లేడ్ బయటికొచ్చింది. పిడికి ఇంకా నెత్తురుంది. ఆ విసురుకు భవాని మోచేయి తెగింది. కానిస్టేబుల్ జంపయ్య లాఠీ దెబ్బకు వాసు మణికట్టు ఫట్‌మని విరిగింది.

"చెప్పు! ఎందుకు చంపావు?"

"ఆడపిల్లల ఫొటోలు మార్ఫింగ్ చేసిన... సారు నా ఫోన్‌ల చూసిండు. స్టేషన్‌కు గుంజుకపోతనన్నడు!" నేల మీద పొర్లుతూ ఏడ్చాడు.

పోతయ్యను కొట్టినవాళ్లు తలలు దించుకున్నారు. ఒక్కరూ తప్పయిందని అనలేదు.

భవాని తెగిన చేతికి రుమాలు చుట్టుకుంది. "మంచి ఫొటో తీసుకుని ఇంటికి వెళ్లు. దినం కానియ్యి. మిగతా రెండూ కోర్టుకు కావాలి."

పోతయ్య కదల్లేదు. నెత్తురంటిన మూడో ప్రింటునే చూస్తున్నాడు.

"అయినంక అవి కూడా ఇస్తరా అమ్మా? వాట్ల ఉన్నది కూడా మా ఎర్రమ్మే."

"నేనే తెచ్చిస్తా" అంది భవాని.