మూడో చరణం

ఆదివారం ఉదయం. కుట్టు మిషను పక్కన దుప్పటి పరిచి ఆమె తెల్లబట్టలకు ఇస్త్రీ చేసుకుంటోంది. చర్చి పాటల బృందానికి పదకొండేళ్ళుగా ఆమే పెద్ద. వీధిలో అందరూ పాటలమ్మ అనే పిలుస్తారు. గొంతు తేనె, కోపం మిరపకాయ అని కట్టుకున్నవాడే నవ్వుతూ అంటుంటాడు.

తల్లి కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"ఇవాళ అనాథల హోమ్ పిల్లల్ని చర్చికి తీసుకొస్తున్నారటగా. మన పిల్లా వస్తుంది."

"వస్తే రానీ."

"ఇంటికి తెచ్చేసుకుందామే. అమ్మా నాన్నా ఒక్కరోజే పోయిన బిడ్డ. రెండేళ్ళయింది అక్కడ వదిలేసి."

"మళ్ళీ మొదలెట్టావా? పాడిందే పాట! నాకు మాత్రం లేదా అక్క కూతురని? ఆయన ఒప్పుకోరమ్మా. ఎన్నిసార్లు చెప్పను?" చివరి మాటలకు గొంతు తగ్గించింది. గుమ్మం బయట భర్త బూట్లు తుడుచుకుంటున్నాడు.

తల్లి గ్లాసు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అల్లుడి పంచన ఉంటున్న మనిషి అంతకన్నా ఏం అడుగుతుంది?

ఆ రోజు ఆరాధనలో వాళ్ళు ఎప్పుడూ పాడే పాటే పాడారు. పుస్తకంలో దానికి మూడు చరణాలున్నాయి. ఆలస్యమవుతుందని మూడోది వదిలేయడం పాటలమ్మ పెట్టిన పద్ధతే. రెండు చరణాలు కాగానే చెయ్యి దించింది. బృందం ఆగింది. కీబోర్డు ఆగింది.

వెనక బెంచీలో ఒక్క గొంతు మాత్రం ఆగలేదు.

"తలుపు తట్టిన పసివానిలో
తండ్రీ, నీవే నిలిచితివి
గడియ తీయనిది నేనైతే
కన్నీట నన్ను కడుగుమయా"

అక్క కూతురు! తొమ్మిదేళ్ళ పిల్ల, కళ్ళు మూసుకుని పాడుతోంది. అక్క వంట చేస్తూ ఆ పాట మొత్తం పాడేది. పిల్లకు అలాగే వచ్చు. తోడు పాడదామంటే బృందంలో ఎవరికీ మాటలు తెలియవు. పాటలమ్మ కంగారుగా పుస్తకం తెరిచింది. పదకొండేళ్ళు పాడించిన పాట, మూడో చరణం ఆమెకూ నోటికి రాదు.

పిల్ల కళ్ళు తెరిచింది. అందరూ తననే చూస్తున్నారని గ్రహించి, తప్పు చేసినదానిలా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయింది.

ఆరాధన ముగిసి బయటికి రాగానే తల్లి నేరుగా అల్లుడి దగ్గరికి వెళ్ళింది.

"బాబూ, మీకు దణ్ణం పెడతాను. పిల్లని ఇంటికి రానివ్వండి. ఓ మూలన పడుంటుంది."

అతను తెల్లబోయాడు. "అదేంటి అత్తయ్యా? నేనెప్పుడు వద్దన్నాను? అసలు నన్నెవరడిగారు?"

తల్లి కూతురి వైపు తిరిగింది. అతనూ తిరిగాడు.

"నువ్వడిగావా నన్ను?"

"లేదు."

"మరి రెండేళ్ళుగా నా పేరు చెప్పుకుంటున్నావా? ఎందుకడగలేదు?"

"అడిగితే మీరు సరేనంటారని భయం," అంది, తల దించుకుని. "కుట్టుపని, ఇల్లు... పైన ఓ బిడ్డంటే నావల్ల కాదనుకున్నాను. నాకు బరువనిపించిందండీ. అక్క బిడ్డే బరువనిపించింది." అక్కడే మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

అతను చెయ్యి అందించాడు. "లే. ఏడుపు తర్వాత. హోమ్‌కి వెళ్దాం పద," అన్నాడు.

పిల్లని హోమ్‌లో చేర్పించిన సంతకం పాటలమ్మదే. తిరిగి తీసుకెళ్ళే సంతకమూ ఆమే పెట్టింది. పొడుగాటి గదిలో, కిటికీ పక్క మంచం దగ్గర పిల్ల నిలబడి ఉంది.

"ఇంటికెళ్దాం, బట్టలు సర్దుకోమ్మా."

"ఎన్ని రోజులకి పిన్నీ? దాన్నిబట్టి సర్దుకుంటా."

సెలవుల్లో రెండు రోజులకని తీసుకెళ్ళి, మూడో రోజు తిరిగి దింపేది తనే. పిన్ని పిల్ల ముందు వంగి కూర్చుంది.

"అన్నీ సర్దుకో తల్లీ. ఇక ఇక్కడికి రావు."

పిల్ల కదల్లేదు. పిన్ని వెనక నిలబడ్డ అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ అవునని తలూపాకనే మంచం కింది పెట్టె బయటికి లాగింది.