సిల్వర్ మ్యూల్ ఎర్రబిళ్ళ

ఆర్విల్ ప్రూయిట్ దగ్గర జూదశాలల్లో డబ్బుకు బదులు వాడే పాత బిళ్ళలు నాలుగువేలు ఉండేవి. అతన్ని చంపినవాడు వాటిలో ఒక్కదాన్నే తీసుకెళ్ళాడు. మోటెల్ గదిలో బల్ల మీద ఆర్విల్ చివరిసారి రాసుకున్న వాక్యం మిగిలింది: ‘సిల్వర్ మ్యూల్, ఎర్రది, 1948. బరువు తక్కువ. ఎందుకని?’

ఎందుకో వాషింగ్టన్‌కు తెలుసు. నెవాడా ఎడారిలోని వైమానిక స్థావరంలో ఒక టెక్నీషియన్ కొత్త విమానం డ్రాయింగుల్ని మైక్రోఫిల్మ్ తీసి, డొల్ల బిళ్ళల్లో దాచి అమ్ముతున్నాడు. కొనేవాడు హాల్డర్ అనే విదేశీ దౌత్యాధికారి. పాత బిళ్ళల పిచ్చివాడని అతనికి పేరు. చిన్న ఊళ్ళలో మూతపడుతున్న జూదశాలలన్నీ తిరుగుతుంటాడు. పొరపాటున ఒక డొల్లబిళ్ళ ఆర్విల్ చేతిలో పడింది. అదే అతని ప్రాణం తీసింది.

రీనోలో ఒక హోటల్లో వేయించిన బంగాళదుంపలు తింటూ, ఏజెంట్ మెరిట్ హాస్కెల్‌కు పై అధికారి అయోనీ టాలివర్ పని అప్పగించింది. హాల్డర్‌ను ముట్టుకోకూడదు. కొన్న బిళ్ళలు అతను దేశం దాటించే పెట్టెనూ సీలు పడ్డాక తెరవకూడదు. ఫిల్మ్ మాత్రం దేశం దాటకూడదు.

“సిల్వర్ మ్యూల్ జూదశాలలో పేక పంచే డెల్ఫీన్ మన మనిషి” అంది. కాఫీ పూర్తిచేసి, “వాళ్ళ మనిషి కూడా” అని లేచింది.

గురువారం మధ్యాహ్నం రెండింటికి హాస్కెల్ బిళ్ళలు సేకరించేవాడి వేషంలో, గుమ్మం మీద వెండి కంచరగాడిద బొమ్మ ఉన్న సిల్వర్ మ్యూల్‌లో అడుగుపెట్టాడు. మెడలో భూతద్దం, చంకలో ఆల్బమ్. ఆకుపచ్చ పట్టు జాకెట్టులో డెల్ఫీన్ పేక కలుపుతోంది.

“మీ మ్యూల్ ఇంకా తంతోందా?” అన్నాడు.

“గెలిచినవాళ్ళనే” అంది. కోడ్ సరిపోయింది.

పాత బిళ్ళలు చూపిస్తానంటూ అతన్ని క్యాషియర్ కూర్చునే ఇనుపగదిలోకి పంపింది. అతను లోపల కాలు పెట్టగానే వెనక తలుపు మూసుకుంది. హాస్కెల్ పిడి తిప్పాడు. కదల్లేదు.

“బయటినుంచి వేసింది” అన్నాడు ముసలి క్యాషియర్ ఎమెట్ యోస్ట్, స్టూలు మీంచి లేవకుండానే.

కిటికీ లేదు. బిళ్ళలు అందించడానికి హాల్లోకి తెరిచిన ఒక చిన్న గూడు మాత్రం ఉంది. సిగరెట్ లైటర్‌లో దాచిన ట్రాన్స్‌మిటర్ ఆ ఇనుపగోడల మధ్య బుస్సుమనడం తప్ప పలకలేదు. కొలిమిలా ఉంది గది. చొక్కా వీపుకి అంటుకుపోయింది. పిల్లి ఎదుటే బోనులో పడ్డ ఎలుకలా ఉంది తన పని అనుకున్నాడు. డెల్ఫీన్ తనను అమ్మేసింది.

గంట గడిచింది. గూట్లోంచి చూస్తే హాల్డర్ వచ్చి కూర్చున్నాడు, పక్కన అంగరక్షకుడు. టెక్నీషియన్ వచ్చి అతనికి కరచాలనం చేసి వెళ్ళిపోయాడు. హాల్డర్ ఆ చేతిని తాను కొన్న ఎర్రబిళ్ళల పెట్టెలో పెట్టి కలియబెట్టాడు. హాస్కెల్ పళ్ళు నూరుకున్నాడు. చూడటం తప్ప ఏమీ చేయలేడు.

అంతలో పెట్టె గూటి దగ్గరికి వచ్చింది. తెచ్చింది డెల్ఫీన్.

“క్యాషియర్ గారూ, లెక్కచూసి సీలు వేయండి. వంద ఉండాలి” అంది పైకి. తర్వాత గొంతు తగ్గించింది. “వాళ్ళ కన్ను పడని చోటు ఇదొక్కటే. రెండే నిమిషాలు.”

హాస్కెల్‌కు అప్పుడు అర్థమైంది. తనను బంధించింది ఇందుకే. కానీ తూచడానికి త్రాసు లేదు. బిళ్ళలు ఒక్కొక్కటే భూతద్దం కింద పెట్టాడు. అన్నీ ఒకలాగే ఉన్నాయి. ఏం జరిగిందో యోస్ట్‌కు గుసగుసగా మూడు ముక్కల్లో చెప్పాడు, ఆర్విల్ సంగతితో సహా.

ఆర్విల్ పేరు వినగానే ముసలాయన ముఖం మారింది. “ఆ కుర్రాణ్ణి నేనెరుగుదును. నువ్వు తప్పుకో.”

ఒక్కొక్క బిళ్ళనే పాలరాతి గట్టుమీద జారవిడిచాడు. టక్. టక్. టక్. బయటివాళ్ళకు లెక్కపెడుతున్నట్టే వినిపిస్తుంది. డెబ్భై మూడోది దబ్‌మంది. యోస్ట్ దాన్ని హాస్కెల్ అరచేతిలో పెట్టాడు.

“తొంభైతొమ్మిదే అయ్యాయి. వాడు లెక్కపెడతాడు” అన్నాడు హాస్కెల్.

యోస్ట్ కోటు లోపలి జేబులోంచి అంచులు అరిగిన ఎర్రబిళ్ళ ఒకటి తీశాడు. “నేను ఉద్యోగంలో చేరినరోజు ఈ కౌంటర్లో నా చేతికి మొదటగా వచ్చింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా నా దగ్గరే ఉంది” అంటూ పెట్టెలో వేశాడు. సీలు వేసేటప్పుడు అటు చూడలేదు.

హాల్డర్ చేయి అప్పటికే గూట్లోకి వచ్చింది. పెట్టె అందుకుని, సీలు చూసుకుని, మర్యాదగా తల వంచి, డెల్ఫీన్ భుజంమీద చేయి వేసుకుని తన విమానం దగ్గరికి వెళ్ళిపోయాడు.

హాస్కెల్ గోడకు చేరగిలబడ్డాడు. ఇక తలుపు తీయమన్నాడు.

“డెల్ఫీన్ టైమ్‌లాక్ పెట్టి వెళ్ళింది. రేపు పొద్దున తొమ్మిదికి తెరుచుకుంటుంది” అన్నాడు యోస్ట్. అలమరలోంచి బిళ్ళల ట్రేలు ఒక్కొక్కటే దించసాగాడు. “బిళ్ళలు సేకరిస్తానన్నావు కదా. మొదటి ట్రే నుంచి చెప్తాను, విను.”