రాతి మీద ఎర్ర కారు

గీదం నించి బీజాపూర్ పోయే రోడ్డు మీద ఒక మలుపుంది. మలుపులో ఏడు రాళ్ళున్నాయి. చీకటి పడ్డాక అక్కడ ఎవరూ బండి ఆపరు. టైరు పంచరైనా సరే, రిమ్ము మీద ఈడ్చుకుంటూ పోయి పోలీసు క్యాంపు లైట్ల కింద ఆపుతారు గానీ అక్కడ మాత్రం ఆపరు.

రాళ్ళంటే ఉత్త రాళ్ళు కాదు. పోయినవాళ్ళ రాళ్ళు. మనిషి పోతే అక్కడి ఆదివాసులు ఆ పేరున నిలువెత్తు బండ పాతి, రంగులేసి, ఆ మనిషికి బతికుండగా ఏది ఇష్టమో దాని బొమ్మ గీయిస్తారు. ఒకాయనకి సైకిలు. ఒకాయనకి కోడిపుంజు. ఒకామెకి రేడియో. ఎన్నడూ విమానం ఎక్కనివాడికి విమానం కూడా ఉంది, మూడో రాయి మీద.

పగలు చూస్తే ముచ్చటగానే ఉంటాయి. రాత్రయితేనే...

లారీ డ్రైవర్లు చెప్పేదేంటంటే — ఆఖరి రాయి పక్కన తెల్లబట్టల్లో ఒక ఆకారం నిలబడుతుందట. చెయ్యెత్తుతుందట. ఖర్మకాలి ఆపారా, దగ్గరికొచ్చి, వంగి, డ్రైవరు సీట్లోకి చూస్తుందట. చూసి, కాదన్నట్టు తలూపి వెళ్ళిపోతుందట. ఎవరికోసమో వెతుకుతోందనీ, వాడు దొరికిన రోజున తీసుకుపోతుందనీ చెప్పుకునేవారు.

ఈ మాట గీదం బజారంతా తిప్పినవాళ్ళలో మన దుర్గేశ్ ఒకడు. తిప్పడానికి అతని కారణం అతనికుంది లెండి. అక్కడికే వస్తున్నాను.

దుర్గేశ్‌ది కార్ల రిపేరు షాపు. తాతలనాడు భద్రాచలం వైపు నించి వచ్చి గీదంలో పాతుకుపోయిన కుటుంబం. చేతిలో మంచి పనుంది, నోట్లో అంతకంటే మంచి మాటుంది. అతనికి ఒక్కటే పిచ్చి. పాత జపాను కారు. హోండా సిటీ వీటెక్, ఇరవై ఏళ్ళ పైబడ్డ మోడల్.

చూడ్డానికి గుమాస్తా బండిలాగే ఉంటుంది, ఏం చెప్పమంటారు. కానీ ఇంజను చుట్లు చూపే ముల్లు అయిదువేలు దాటిందా... గొంతు మారిపోతుంది. అప్పటిదాకా గొణిగిన ఇంజను ఒక్కసారిగా ఎత్తుకుని పాడుతుంది. ఒకసారి విన్నవాడు మనిషిగా మిగలడు. దుర్గేశ్ కుర్రతనంలో విన్నాడు. అప్పట్నించీ రాయపూర్‌లో, నాగపూర్‌లో అదే పిచ్చి ఉన్నవాళ్ళతో వాట్సాప్‌లో ఫోటోలు పంపించుకుంటూ కూర్చునేవాడు. "పెళ్ళిచూపులప్పుడు నా ఫోటో కూడ ఇన్నిసార్లు చూడలేదు నువ్వు," అనేది అతని భార్య ఊర్మిల.

అలాంటి కారు ఒకటి ఆ ఏడు రాళ్ళ ఊళ్ళోనే ఉందని తెలిసింది.

గనుల టౌన్‌షిప్పులో రాంప్రసాద్ గారని ఒక ఇంజనీరు ఉండేవాడు. రిటైరై వైజాగ్ వెళ్ళిపోతూ తన ఎర్ర వీటెక్‌ని డ్రైవరు సుక్రాంకి ఇచ్చేశాడు. సుక్రాం దాన్ని కంటికి రెప్పలా చూసుకున్నాడు. ఇరవయ్యారేళ్ళవాడు. ఒక వానాకాలం జ్వరమొచ్చింది, మెదడుకెక్కింది, నాలుగు రోజుల్లో పోయాడు. కారు వాకిట్లో టార్పాలిన్ కింద ఉండిపోయింది.

దుర్గేశ్ మోటార్ సైకిలేసుకుని వెళ్ళాడు. సుక్రాం తండ్రి కేసా, తల్లి లక్కే, ఇద్దరే ఉన్నారు ఇంట్లో. కేసాకి తెలుగొచ్చు. ఏటా మిరపకాయలేరడానికి భద్రాచలం అవతలికి పోయి నేర్చుకున్న తెలుగు. మాట ముందే చెప్పేశాడు.

"నడిచేదైతే ఇయ్యం సేట్. నడిచినన్ని రోజులు అది పోరనిదే. నడవదంటే తీస్కపో."

దుర్గేశ్ టార్పాలిన్ ఎత్తి చూశాడు. చూడగానే తెలిసిపోయింది — కొత్త బ్యాటరీ వేసి, పాత పెట్రోలు తీసేస్తే చాలు, లేచి కూర్చుంటుంది.

"కాకా, కాసిని మంచినీళ్ళు," అన్నాడు.

కేసా లోపలికి వెళ్ళాడు. దుర్గేశ్ స్టీరింగు కింద చెయ్యి పెట్టి, అగ్గిపెట్టెంత రిలే ఒకటి పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. అది లేకపోతే ఇంజనుకి పెట్రోలు అందదు. కేసా చెంబుతో వచ్చేసరికి వెంట తెచ్చిన బ్యాటరీ తగిలించి, పెద్దమనిషిలా తాళం తిప్పాడు.

కర్... కర్... కర్...

"ఇంజను పోయింది కాకా. ప్రాణం లేదు. ఇక కబాడీకే, పాత ఇనుము కింద."

లక్కే తన భాషలో ఏదో అడిగింది. "ఇంక లేవదా అని అడుగుతంది," అన్నాడు కేసా.

"లేవదమ్మా." బానెట్ మీద చెయ్యేసి మరీ చెప్పాడు.

అప్పుడు లక్కే లోపలికెళ్ళి పసుపు తెచ్చింది. బానెట్‌కి రాసింది. నాలుగు బియ్యం గింజలు పెట్టి, రెండు చుక్కలు ఇప్పసారా వదిలింది. ముందు చక్రం పక్కన కూలబడి, శవం దగ్గర ఏడ్చినట్టు ఏడ్చింది. దుర్గేశ్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. రిలే జేబులో గుండెకి ఆనుతూనే ఉంది. పది నిముషాలు. ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు కావాలి? చెప్పలేదు. సాయంత్రానికి లారీలో కారు ఎక్కించుకుని వచ్చేశాడు.

పదిహేను రోజుల్లో కారు పాడింది. గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. ఒక నెల నేల మీద నడవలేదతను.

కానీ ఆ బండికి తగ్గ రోడ్డు అదొక్కటే. పగలు ఆ ఊరి మీదుగా పోవడానికి మొహం చెల్లక, శనివారం షాపు మూశాక తీసేవాడు. రాళ్ళ మలుపు వచ్చిందంటే దీపాలార్పి, వెన్నెలనో మిణుకు వెలుతురునో నమ్ముకుని, నాలుగో గేర్లో పిల్లిలా జారుకునేవాడు. రాళ్ళ వైపు చూసేవాడు కాదు. తోడొస్తామన్న వాళ్ళని తెల్లబట్టల దెయ్యం పేరు చెప్పి బెదరగొట్టేవాడు. వాళ్ళెవరైనా ఆ ఊళ్ళో ఆపమంటే? అదీ అతని కారణం.

ఇలా ఉండగా ఒక శనివారం, తను నవ్వుతూ చెప్పుకు తిరిగిన ఆకారమే... అతనికి కనిపించింది.

ఆఖరి రాయి పక్కన. చెయ్యెత్తి.

ఎలా తొక్కాడో, ఎలా ఇల్లు చేరాడో తెలియదు. మరుసటి శనివారం బండి తియ్యలేదు. ఆ పై శనివారం, తిప్పకుండా ఉంచితే బండి పాడైపోతుందని తనకి తనే సాకు చెప్పుకుని బయల్దేరాడు. పిచ్చి అలాంటిది.

మలుపు వచ్చింది. దీపాలార్పాడు. నాలుగో గేరు...

రోడ్డు మధ్యలో నిలబడి ఉంది.

బ్రేకు మీద ఎక్కి నిలుచున్నాడు. కారు ఆఖరి రాయి వైపు తిరిగి, ఒక్క కుదుపుతో ఆగి, ఇంజను ఆరిపోయింది. భయంతో తడుముకుంటూ లైట్ల స్విచ్ వేశాడు. వెలుగు వెళ్ళి రాయి మీద పడింది.

రాతి మీద ఎర్ర కారు. నంబరు ప్లేటుతో సహా. తన కారే. కిటికీలోంచి చెయ్యి బయటికి చాపి ఊపుతూ లోపల ఒక కుర్రాడు.

తాళం తిప్పాడు. కర్... కర్... కర్... అదే శబ్దం, ఆ రోజు వాకిట్లో విన్నదే.

ఆకారం దగ్గరికొచ్చింది. వంగింది. కిటికీలోంచి సీట్లోకి చూసింది. ఈసారి తలూపలేదు.

"సేట్," అంది.

తెల్ల పంచె, తెల్ల తువ్వాలు. కేసా.

"కాకా... నేను..."

"మెల్లగ మాట్లాడు. ముసల్ది మేల్కొని ఉంది." కేసా కిటికీ అంచు పట్టుకున్నాడు. "రెండు నెలల నించి ఏ కారొచ్చినా ఆపి చూస్తున్న. రాత్రిపూట కండ్లు సరిగ్గ కానరావు. ఇయ్యాల దొరికినవ్. బండి చచ్చిందన్నవు గద."

గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండునని దుర్గేశ్‌కి అనిపించింది. సిగ్గుతో తలెత్తలేక స్టీరింగు వంకే చూస్తూ అన్నాడు. "తప్పయిపోయింది కాకా. తీస్కో. ఇప్పుడే తీస్కో, ఇదిగో తాళం."

"చచ్చినదాన్ని మల్ల ఇంట్ల పెట్టుకోం. కర్మ చేసినం. బొమ్మ గూడ గీయించినం."

తాళం పట్టుకున్న చేతిని మెల్లగా వెనక్కి నెట్టాడు.

"పోరడు పోయిన కాడి నించి లక్కే తిండి ముట్టలే," అన్నాడు కేసా. "గంజి నోట్లె పోసి బతికించిన. ఒక శనివారం రాత్రి నువ్వు పోయినవ్, దీపాల్లేకుండ. అది లేచి కూసున్నది. పోరడొచ్చిండన్నది. దీపాల్లేవు సూడు, పోయినోళ్ళకి దీపాలెందుకు అన్నది. ఆ పొద్దు రెండు ముద్దలు తిన్నది. అప్పటికెళ్ళి శనివారం శనివారం తింటంది, ఆ బలంతోటే మిగిలిన రోజులు లేస్తంది. ఊళ్ళె అందరు గట్లనే అంటరు. సుక్రాం బండి రాళ్ళల్లోంచి ఎల్లి రాళ్ళల్లకే పోతదని. శనివారం పొద్దుగూకితే పిల్లల్ని బయటికి తియ్యరు."

ఈ మలుపులో దెయ్యం ఉందన్న మాట నిజమే. అది స్టీరింగు పట్టుకుని కూర్చునుంది.

"నాకు మొదలే తెలుసు పోరడు కాదని," అన్నాడు కేసా. "ఆడు ఈ మూల మీద మూడో గేరు ఏసేటోడు. బండి పాడేది. నువ్వు దొంగలెక్క నాలుగుల పోతవు. పోయిన శనివారం రాలే నువ్వు. అది తినలే. ఈ మాట చెప్పనీకే ఇయ్యాల రోడ్డు నడుమ నిలబడ్డ. రాకుండ ఉండకు సేట్. ఇంకోటి... మూడో గేరు ఏయి. బండి గొంతు లేస్తలేదు, పోరనికి ఆడ గూడ ఒంట్ల బాగలేదా అని అడుగుతంది. ఏం జెప్పాలె నేను?"

ఈసారి తాళం తిప్పగానే అందుకుంది. దుర్గేశ్ వెనక్కి పోయి, తిరిగొచ్చి, దీపాలార్పి, మలుపులో మూడో గేరు వేశాడు. ఇంజను గొంతెత్తింది. ఎన్నేళ్ళు కలవరించాడో ఆ పాట కోసం. ఇప్పుడది చెవిన పడుతుంటే చచ్చేంత సిగ్గేసింది, ఏడుస్తూనే నడిపాడు. దూరంగా ఒక గుడిసెలో దీపం వెలిగింది.

ఇంటికొచ్చి ఊర్మిలకి రిలే సంగతి దగ్గర్నించీ చెప్పాడు. ఆమె రెండ్రోజులు మాట్లాడలేదు. శనివారం మాత్రం పెందరాళే అన్నం పెట్టి, "తొందరగా బయల్దేరు. ఆ తల్లి ఎదురుచూస్తుంటది," అంది.

అలా పది శనివారాలు వెళ్ళాడు. పదకొండో శనివారానికి గేరు పడటం మొరాయిస్తే, గేర్ బాక్సు దింపి షాపులో గోనెసంచి మీద ముక్కలుగా పరిచాడు. రాయపూర్ నించి రావలసిన సామాను రాలేదు. శనివారం గడిచిపోయింది. ఆ రాత్రంతా అతనికి కన్నంటుకోలేదు. లక్కే ఆకలి తన మెడకే చుట్టుకున్నట్టుంది.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాడు. ఏం చెప్పాలో దారంతా అనుకుంటూనే ఉన్నాడు. ఈసారి ఒక్క అబద్ధం ఆడకూడదనుకున్నాడు.

వాకిట్లో ఎండలో లక్కే కూర్చునుంది. తానే కుండ తోముతోంది. అతన్ని చూసి నవ్వింది, కబాడీ సేట్ అనుకుని. కేసా అతన్ని ఇప్ప చెట్టు కిందికి పక్కకి తీసుకుపోయాడు. ముసలాయన మొహం వెలిగిపోతోంది.

"కాకా, నిన్న నేను..."

"నిన్న బాగ నడిపినవ్ సేట్," అన్నాడు కేసా గుసగుసగా. "మూడో గేరు సరిగ్గ ఆడు ఏసినట్టే పడ్డది. కోళ్ళు గూడ లేచినయ్. ముసల్ది బయటికి ఉరికొచ్చి చూసింది. మూడుసార్లు అన్నం పెట్టించుకున్నది."

దుర్గేశ్ నోరు తెరిచాడు. లక్కే వైపు చూశాడు. ఆమె కుండ బోర్లించి, ఏదో కూనిరాగం తీస్తోంది. అతను నోరు మూసుకున్నాడు. ఆ ఇంటి దగ్గర నిజం మింగడం ఇది రెండోసారి.

కేసా ఇంకా దగ్గరికి జరిగాడు.

"కిటికీల కెళ్ళి చెయ్యి బయట పెట్టి ఊపినవంట గద, పోరని లెక్క," అన్నాడు. "గది నీకెవరు నేర్పిన్రు?"