వెళ్ళొస్తానంటే తెరుచుకోని తాళం

బందరు మొత్తం ఆగిపోయింది. ట్రాములు ఆగాయి, లిఫ్టులు ఆగాయి, సముద్రం కూడా రెండు అలలు వాయిదా వేసిందని చెప్పుకున్నారు. దీనంతటికీ కారణమైన మనిషి ఆసుపత్రి మంచం మీద కూర్చుని కమలాఫలం వలుచుకుంటోంది. పేరు గంగరత్నం. బుర్రకథ చెబుతూ గొంతెత్తిందంటే దివిసీమ దాకా గేదెలు నెమరు మానేసేవి.

"అమ్మా, తాళం మీరే పట్టుకుని కూర్చున్నారు," అన్నాడు డాక్టర్ సోమయాజులు. ట్రాములూ లిఫ్టులూ నడవడానికి కావలసిన ఊరి సమాచారమంతా దాచే డిస్కుని ఆడించే ప్రోగ్రాం, అదే డ్రైవర్, రాసిన సైంటిస్టు ఆయనే.

"గాజులకి పెట్టుకున్న పిన్నీసులు తప్ప నా దగ్గరేం లేవు నాయనా."

ఆయన ఓపిగ్గా చెప్పాడు. డిస్కులో ఇద్దరు ఒకేసారి రాస్తే ఒకరి పాటలో ఇంకొకరి కరెంటు బిల్లు కలిసిపోతుంది. అందుకే ఒకరున్నంతసేపు లాక్. పని కాగానే డిస్కు గంట కొడుతుంది, అదే ఇంటరప్ట్. కానీ లాక్ పట్టుకున్న మనిషి వెళ్ళేదాకా ఆ గంట వినిపించుకోవద్దని డ్రైవర్‌కి ఆయనే నేర్పాడు.

"నిన్న మీ కథలన్నీ దాచి ఏమన్నారు?"

"వెళ్ళొస్తానన్నాను."

"వస్తానన్నారని అది ఎదురుచూస్తోంది. 'పోతున్నాను' అనండి, వదిలేస్తుంది."

నోటిదాకా వెళ్ళిన తొన ఆగింది. "రేపు గుండె కోయించుకునేదాన్ని. ఇవాళ పోతున్నాననాలా? నీ డ్రైవర్‌నే మార్చుకో."

"మార్చినదాన్ని దాచాల్సిందీ ఆ డిస్కులోనే. మిగిలింది రీసెట్. చేస్తే మీ కథలు చెరిగిపోతాయి."

తను లేచినా లేవకపోయినా అవి ఉండాలనే దాచింది. అయినా తల వంచలేదు.

"చెరుపు. రేపు లేచొచ్చి మళ్ళీ అన్నీ పాడతాను. అప్పుడూ వెళ్ళొస్తాననే అంటాను. నీ యంత్రానికి మన మాట రాకపోతే దాన్ని బడికి పంపు."

సోమయాజులు డిస్కుతో మాట్లాడే చేతి సెట్టు తీసి, రీసెట్ మీద వేలు పెట్టి, మూడు యుగాలు అలాగే ఉంచి, తీసేశాడు.

"సరే, తాళం నా పేరుకి మార్చుకుంటాను. మీ కథలు భద్రం. ఆ మాట నేనే అంటాను."

చేతిలోని సెట్టులో తాళం మార్చి, నోటి దగ్గర పెట్టుకున్నాడు. "పో..." ఏడు తరాల పెద్దలు ఒక్కసారిగా గొంతు పట్టుకున్నట్టయింది.

"అనవయ్యా. మాటే కదా."

"బయటికెళ్ళి అంటాను," అని చెమట తుడుచుకుని సంచీ తీసుకున్నాడు. గుమ్మం దగ్గర అలవాటుగా వెనక్కి తిరిగాడు. "వెళ్ళొస్తానండీ."

"మంచిది, ఎదురుచూస్తాను," అంది చేతిలోని సెట్టు.

కదులుదామని ఊపిరి పీల్చుకున్న ట్రాములన్నీ మళ్ళీ కూలబడ్డాయి. గంగరత్నం మంచం మీద కాస్త జరిగి చోటిచ్చి, ఒక తొన చాపింది.

"వస్తానన్నావుగా, రా."